నెల పేరే ఇంటిపేరు

మా నాయన కొత్తవాళ్లు కలిస్తే ముందు ఊరు అడుగుతాడు, తర్వాత పంట అడుగుతాడు, మూడో మాటకు ఇంటిపేరు అడుగుతాడు. మా కుసుమంచి బస్టాండులో అంతే, ఖమ్మం మిర్చి యార్డులో అంతే. మొన్న ఫిబ్రవరిలో అమ్మను తీసుకొని దక్షిణాఫ్రికాలో మా దగ్గరికి వచ్చినప్పుడు స్టెల్లెన్‌బాష్ దగ్గర ఒక ద్రాక్షతోటకు తీసుకుపోయాను. మా బల్ల దగ్గర నిలబడి గ్లాసుల్లో వైన్ పోస్తున్న ఆవిడను చూసి, "వాళ్ల ఇంటిపేరేందో అడుగు బిడ్డా" అన్నాడు. నేను తటపటాయించాను. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉన్నవాణ్ని, ఇక్కడ ఆ ప్రశ్న ఎంత బరువైనదో తెలిసినవాణ్ని. మా తడబాటు చూసి విషయమేమిటని ఆవిడే అడిగింది. చెప్పాను. నవ్వి, చొక్కా మీద పెట్టుకున్న పేరు బిళ్ల చూపించింది. ఆవిడ పేరు పక్కన ఇంటిపేరుగా ఉన్నది ఒక నెల పేరు.

"నెల పేరు ఇంటిపేరెట్లయితదిరా?" అన్నాడు నాయన.

అప్పటికప్పుడు చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇంటికి పోయేదాకా కారులో చెప్పాను. అయినా సరిపోలేదు. అదే ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఎందుకంటే కేప్‌టౌన్ వచ్చిపోయే మనవాళ్లు వాట్సాప్‌లో పెట్టే ఫోటోలన్నీ నేను చూస్తుంటాను. నీలం కొండలు, తెల్లసున్నం వేసిన పాత ఇళ్లు, పచ్చిక మీద పరిచిన దుప్పటి, చేతిలో గ్లాసు. అవన్నీ నిజమే. ఆ అందం అబద్ధం కాదు. కాని ఆ తెల్లగోడల వెనక మన తీరం మనుషులు కూడా ఉన్నారని ఫోటోలో పడదు.

ముందు మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ముప్పయ్యేళ్లకు పైగా తాళ్లెక్కాడు. మోకు, ముస్తాదు, గీత కత్తి, నడుముకు లొట్టి. మాది గౌండ్ల ఇల్లు. పాలేరు చెరువు వైపు పొలం గట్ల మీద ఉన్న తాళ్లు ఆయన లెక్కలో ఒక్కొక్కటి ఒక్కో మనిషి. పోతుతాడు కల్లు రుచి వేరు, పండుతాడు కల్లు రుచి వేరు అని చిన్నప్పుడే మాకు నేర్పాడు, తాగడానికి కాదు, వాసన పట్టడానికి. అందుకే ద్రాక్షతోటలో ఆయన యాత్రికుడిలా కూర్చోలేదు. పనివాడు మరో పనివాడి కొట్టంలోకి వచ్చినట్టు వచ్చాడు.

ఇక్కడ రుతువులు మనకు తలకిందులు. వానలు జూన్, జులై చలికాలంలో పడతాయి. ఎండాకాలం డిసెంబరులో మొదలై, పెద్దగా చినుకు లేకుండా నడుస్తుంది. ఆగ్నేయం నుంచి వీచే గాలి తోటలను ఆరబెట్టి తెగుళ్లు రాకుండా చూస్తుంది. ద్రాక్ష కోత జనవరి చివర మొదలై మార్చి దాకా ఉంటుంది. అంటే సరిగ్గా మన ఖమ్మం జిల్లాలో మిరపకాయ ఏరే రోజులు. ఛత్తీస్‌గఢ్ నుంచి, భద్రాచలం ఏజెన్సీ నుంచి కూలీలు మూటాముల్లెతో మన చేలల్లోకి దిగే రోజుల్లోనే ఇక్కడా తెల్లవారుజామున ట్రాక్టర్ ట్రాలీల మీద మనుషులు తోటల్లోకి దిగుతారు.

నాయనకు మొదట ఆశ్చర్యం కలిగించింది తీగ పొట్టితనం. "పందిరి లేదేందిరా?" అన్నాడు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్‌షాహీ తోటలు ఆయన చూశాడు. తలకు తగిలే పందిరి కింద గుత్తులు వేలాడుతుంటాయి. ఇక్కడ కొన్ని పాత తోటల్లో తీగకు ఊతమే ఉండదు. మోకాలెత్తు మొద్దు, దాని మీద నాలుగు కొమ్మలు, గిన్నె ఆకారంలో. నీళ్లు తక్కువ, కాపు తక్కువ, రసం చిక్కన. వంగి మొద్దు మీద చెయ్యి పెట్టి, కొమ్మ కోసిన గాట్లు వేలితో తడిమి, "మంచి కత్తి పడ్డది" అన్నాడు. ఆ తోటకు ఆ రోజు దొరికిన మెప్పుల్లో అదే పెద్దదని నా నమ్మకం.

టేస్టింగ్ అంటే ఐదారు రకాలు, ఒక్కోటి రెండు గుక్కలు. చూడాలి, గ్లాసు తిప్పి వాసన చూడాలి, నోట్లో పోసుకోవాలి, కావాలంటే పక్కనున్న పాత్రలో ఉమ్మేయాలి. కారు నడిపేది నేనే కాబట్టి నేను ఉమ్మేశాను. మొదట వచ్చింది షెనిన్ బ్లాంక్. ఇక్కడివాళ్లు తరతరాలుగా దాన్ని స్టీన్ అంటారు. ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువ నేలలో పండేది అదే. నాయన వాసన చూసి, "దోరజామ" అన్నాడు. తర్వాత పినోటాజ్. ఇది ఈ నేలలో పుట్టిన రకం. 1925లో స్టెల్లెన్‌బాష్‌లో అబ్రహాం ఇజాక్ పెరోల్డ్ అనే ఆచార్యుడు పినో నువార్‌ను, ఇక్కడ హెర్మిటేజ్ అని పిలిచే సాన్సోను సంకరం చేస్తే వచ్చింది. తాగే ముందు నాయన గ్లాసు వంచి నాలుగు చుక్కలు గడ్డి మీద పోశాడు. మా గీతవాళ్ల దేవుడు కాటమయ్యకు. మా ఇంట్లో ముందు ఆయనకు పోయకుండా ఎవరూ లొట్టి దించరు. వైన్ పోస్తున్న ఆవిడ అది చూసింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన గ్లాసులో ప్రతిసారీ రెండు చుక్కలు ఎక్కువ పోసింది.

ఇక చరిత్ర. 1652లో వలందుల కంపెనీ, అంటే డచ్చి ఈస్టిండియా కంపెనీ, యాన్ వాన్ రీబెక్ అనే ఉద్యోగిని కేప్‌లో, అంటే ఈ కేప్‌టౌన్ తీరంలో దించింది. దేశం పట్టుకోవడానికి కాదు, కూరగాయలు పండించడానికి. ఐరోపా నుంచి బటావియాకు, అంటే నేటి జకార్తాకు పోయే ఓడలకు నెలల తరబడి ప్రయాణం. తాజా తిండి లేక నావికులు చిగుళ్లు కుళ్లి చచ్చిపోయేవారు. వాళ్లకు నీళ్లు, మాంసం, ఆకుకూర, వైన్ అందించే మజిలీ కావాలి. వాన్ రీబెక్ ద్రాక్ష మొక్కలు తెప్పించి నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ తీశామని, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ దినచర్యలో రాసుకున్నాడు.

ఆ కంపెనీ మనకు కొత్తది కాదు. మచిలీపట్నంలో వలందపాలెం పేరు ఆ వలందులదే. పులికాట్‌లో వాళ్ల గెల్డ్రియా కోట, భీమునిపట్నంలో వాళ్ల సమాధులు. మన కలంకారీ, మన నూలుగుడ్డ ఎత్తుకొని పోయిన ఓడలే కేప్‌లో ఆగి నీళ్లు పట్టుకునేవి. గుడ్డల మూటలతో పాటు మనుషులను కూడా ఎత్తుకుపోయాయి. కరువొచ్చిన ఏళ్లలో కోరమండల్ తీరంలో బిడ్డలను అమ్ముకున్న ఇళ్లున్నాయి. కొనడానికి కంపెనీ సిద్ధంగా ఉంది.

ఈ నేలకు అసలు వారసులైన ఖోయ్‌ఖోయ్ పశుపాలకులను బానిసలుగా చేయకూడదని కంపెనీ నియమం పెట్టుకుంది. వాళ్ల మేతభూములు మాత్రం మెల్లగా లాక్కుంది. తోటపనికి మనుషులు సముద్రం మీదుగా వచ్చారు. 1652 నుంచి 1807 దాకా సుమారు 63,000 మందిని బానిసలుగా కేప్‌కు తెచ్చారని చరిత్రకారులు లెక్కగట్టారు. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి, ఇంకా ఇంచుమించు నాలుగో వంతు మందిని బెంగాల్, మలబారు, కోరమండల్, సింహళ తీరాల నుంచి. వాళ్ల అసలు పేర్లు ఓడలోనే పోయాయి. యజమాని పెట్టిన పేరు వెనక ఎక్కడినుంచి తెచ్చారో ఆ ఊరు: వాన్ బెంగాలె, వాన్ మలబార్, వాన్ కోరమండల్. 'వాన్' అంటే 'నుంచి'. కొందరికి ఆ ఊరి పేరు కూడా దక్కలేదు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు పెట్టారు, లేదా నెల పేరు పెట్టేశారు. ఈ పడమటి కేప్‌లో ఫెబ్రువారి, ఏప్రిల్, సెప్టెంబర్ అని ఇంటిపేర్లున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇది నేను చెప్పినప్పుడు నాయన కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "ఊరి పేరైతే మనకూ ఉన్నదే. మన ఇంటిపేరు కూడా ఊరి పేరే గదా. మనం మోసుకొచ్చుకున్నం. వాళ్లకు తగిలించిన్రు" అన్నాడు.

వాళ్లలో ఒక స్త్రీ గురించి మీకు చెప్పాలి. మన సూళ్లూరుపేట పక్కనే, సరస్సు అవతలి కొసన ఉన్న పులికాట్ ఆమె ఊరు. కేప్ రికార్డుల్లో ఆమె 'పెద్ద కత్రీన్', పాలియకట్ట కత్రీన్. బటావియాలో బానిసగా ఉండగా తనను కొట్టిన మగవాణ్ని ఎదిరించింది. ఆ దెబ్బకు అతను చనిపోయాడు. మరణశిక్ష వేసి, దాన్ని తగ్గించి, 1657లో కేప్‌కు పంపించారు. కమాండరు ఇంటి బట్టలు ఉతికింది. తర్వాత స్వేచ్ఛ పొంది పెళ్లి చేసుకుంది. ఆమెకు ఒక సైనికుడి వల్ల పుట్టిన కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్. అతను ఫ్రెంచి శరణార్థి కుటుంబపు అమ్మాయి మార్గరీట్ ద సావోయ్‌ను చేసుకున్నాడు. ఈ రోజు దక్షిణాఫ్రికాలో స్నైమన్ అనే పేరుతో కనిపించే తెల్ల ఆఫ్రికానర్ కుటుంబాల మూలం పులికాట్ నుంచి సంకెళ్లతో వచ్చిన ఆ స్త్రీ కడుపే. జాతుల మధ్య గోడలు కట్టిన దేశంలో, ఆ గోడలు కట్టినవాళ్ల వంశవృక్షాల్లోనే మన తీరం ఉంది.

స్టెల్లెన్‌బాష్ ఊరి పేరులోనూ ఆ కథే ఉంది. 1679లో కమాండరుగా వచ్చి తర్వాత గవర్నరైన సైమన్ వాన్ డెర్ స్టెల్ తన పేరు మీద ఆ ఊరు పెట్టాడు. ఆయన పుట్టింది మారిషస్‌లో. ఆయన తల్లి తల్లి మోనికా భారత తీరం స్త్రీ. 1685లో ఆయనకు దక్కిన కాన్‌స్టాన్షియా తోటలో తీసిన తీపి వైన్ తర్వాతి కాలంలో ఐరోపా రాజుల బల్లల మీదికి చేరింది. సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న నెపోలియన్ అదే తెప్పించుకొని తాగాడు. 1688లో మతహింస తప్పించుకొని ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనో కుటుంబాలకు భూములిచ్చిన లోయే ఫ్రాన్ష్‌హూక్, అంటే ఫ్రెంచివాళ్ల మూల. ఇప్పుడు అక్కడ తోట నుంచి తోటకు యాత్రికులను తిప్పే ట్రామ్ ఉంది. హ్యూగెనోలకు పెద్ద స్మారకం ఉంది. వాళ్లు పడిన బాధ నిజం, వాళ్లు తెచ్చిన పనితనమూ నిజం. అయితే నాటినవాళ్లు, కోసినవాళ్లు, పీపాలు కడిగినవాళ్లు ఎవరని అడిగితే, ఆ స్మారకం దగ్గర జవాబు లేదు.

జవాబు కొంత మట్టిలో దొరికింది. మా ఇంటికి పది నిమిషాల దూరంలో వెర్గెలెగన్ అని పెద్ద తోట ఉంది. సైమన్ కొడుకు విల్లెమ్ అడ్రియాన్ గవర్నరుగా ఉంటూ 1700లో దాన్ని తనకు తాను కట్టించుకున్నాడు. ఇక్కడ నాటించిన కర్పూరం చెట్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి కింద నిలబడితే తల ఎత్తినా చివర కనపడదు. పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ బానిసల కొట్టం తవ్వితే నేల కింద ఒక స్త్రీ అస్థిపంజరం బయటపడింది. ఎముకల్లో మిగిలిన రసాయనాలను పరీక్షించి, ఆమె చిన్నతనం ఈ చల్లని నేలలో కాదు, వేడి దేశంలో గడిచిందని తేల్చారు. తిన్న తిండి ఎముకలో ఊరు రాసి పెట్టింది. అమ్మ ఆ చెట్టు కింద చాలాసేపు కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు.

బ్రిటిష్ పాలనలో 1834 డిసెంబరు 1న బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత నాలుగేళ్లు 'శిక్షణ' పేరుతో పాత యజమాని దగ్గరే పని చేయాలన్నారు. అసలు విడుదల 1838 డిసెంబరు 1. నష్టపరిహారం ఇచ్చారు, అది యజమానులకు. విడుదలైనవాళ్లకు భూమి లేదు, ఇల్లు లేదు. మిషనరీలు ఇచ్చిన చిన్న జాగాల్లో కొందరు ఊళ్లు కట్టుకున్నారు. స్టెల్లెన్‌బాష్ నుంచి హెల్స్‌హూగ్టె కనుమ దాటి దిగితే 1843లో అట్లా పుట్టిన ప్నీల్ కనిపిస్తుంది. చుట్టూ పెద్ద తోటలు, మధ్యలో చర్చి, ఇరుకు వీధులు, ప్రతి ఇంటి ముందు పూలు. మనవాళ్లు పక్కనున్న తోటలో పిక్నిక్ బుట్ట కొనుక్కొని పచ్చిక మీద కూర్చుంటారు. నేను మాత్రం వచ్చినవాళ్లను ముందు ప్నీల్‌లో దింపి కాసేపు నడిపిస్తాను.

భోజనం గురించి అమ్మ లేకుండా రాయలేను. తోటలో ఉన్న ఖరీదైన హోటలు ఆమెకు నచ్చలేదు. అంత పెద్ద పళ్లెంలో మూడు ముద్దలెందుకని. మర్నాడు కేప్ మలయు వంట తినిపించాను. మలయు అని పేరేగాని, అది జావా, బెంగాల్, మన తీరం, మలబారు బానిసలు కలిసి ఒకే పొయ్యి మీద వండిన వంట. ఇక్కడ బిర్యానీని 'బ్రియాని' అంటారు, అందులో మసూరు పప్పు వేస్తారు. మాంసం కీమాలో ఎండు ద్రాక్ష, ఆప్రికాట్ తీపి వేసి, పైన గుడ్డు పాలు పోసి కాల్చిన బొబోటి ఉంటుంది. దాని పక్కన పసుపన్నం. మామిడి ఆవకాయ లాంటిదాన్ని 'అచార్' అనే పిలుస్తారు. అమ్మ వేలితో నాకి, "ఆవపిండి తక్కువ, మెంతి ఉన్నది, నూనె సరిపోయింది" అని తీర్పు చెప్పింది. మూడు కాళ్ల ఇనుప కుండలో మాంసం, కూరలు పొరలు పొరలుగా పేర్చి కట్టెల మీద మెల్లగా ఉడికించే పొట్యికోస్ ఆమెకు మరింత నచ్చింది. ఆ కుండను వెనక్కి తీసుకుపోదామన్నది. విమానంలో బరువని మానిపించాను. ఇప్పటికీ బాధగానే ఉంది, ఏదో ఒకటి వదిలి తీసుకుపోనివ్వాల్సింది.

ఆఫ్రికాన్స్ భాష కూడా ఆ పొయ్యి దగ్గరే పెరిగింది. డచ్చి మాటలను బానిసలు, ఖోయ్‌ఖోయ్‌లు, సైనికులు కలిసి విరిచి కలిపిన భాష. దాన్ని మొట్టమొదట రాసుకున్నవాళ్లలో కేప్ ముస్లింలు ఉన్నారు, అరబ్బీ లిపిలో. తర్వాత అదే భాషను పాలకులు తమ సొంత జాతి జెండాగా ఎత్తుకున్నారు.

దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లంటే మనకు డర్బన్ గుర్తొస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడ ఆగింది. చెరకు తోటల్లో ఒప్పందం కూలీలు దిగారు. వాళ్ల పిల్లలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అది వేరే పెద్ద కథ. ఇక్కడ నేను చెప్పేది దానికి రెండు వందల ఏళ్ల ముందటిది. ఆ మనుషులకు సభ లేదు, భాష మిగలలేదు.

ఇప్పుడు అసలు చేదు. బానిసత్వం పోయాక తోటల యజమానులకు కూలీలు కావాలి, జీతం తక్కువ ఇవ్వాలి, వాళ్లు పారిపోకూడదు. ఈ మూడింటికీ మందు వాళ్ల పీపాల్లోనే ఉంది. పొద్దున పనిలోకి రాగానే ఒక గిన్నె, నాస్తాకు ఒకటి, మధ్యాహ్నం, సాయంత్రం, పని దిగేటప్పుడు మరొకటి. అమ్ముడుపోని నాసిరకం వైన్. దీన్ని 'డాప్' అంటారు. బానిసకాలంలోనే మొదలై, కూలిలో భాగంగా స్థిరపడింది. పదేళ్ల పిల్లాడు తోటలో దిగితే వాడికీ గిన్నె. అలవాటైన మనిషి వేరే తోటకు పోడు, ఎదురు మాట్లాడడు. 1960ల్లో చట్టం దీన్ని నిషేధించింది. అయినా కొన్ని తోటల్లో 1990ల దాకా ఆగలేదు. కడుపులో ఉన్నప్పుడే తల్లి తాగిన మందుతో దెబ్బతిని పుట్టే పిల్లల సంఖ్యలో పడమటి కేప్ పల్లెలు ప్రపంచంలోనే అత్యంత పైన నమోదయ్యాయి. ఆ పిల్లల ముఖాల్లో గుర్తులుంటాయి, చదువు ఎక్కదు. జీవితాంతం మోయాల్సిందే. వీటిని తలచుకోకుండా నేను ఇక్కడ ఏ గ్లాసూ ఎత్తలేను.

డాప్ గురించి విని నాయన చాలా కోపం తెచ్చుకున్నాడు. కల్లు గీసేవాడి కోపం అది. "తాగించి కట్టేసిన్రు" అన్నాడు. అప్పుడు నాకు మా వైపు చరిత్రే కొత్తగా కనిపించింది. మా జిల్లాకు ఈశాన్యంగా ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు. 1874లో అవి మద్రాసు ప్రభుత్వం కిందికి పోయాయి. ఆ ప్రభుత్వం పెట్టిన కొత్త ఆబ్కారీ నియమాలు కొండవాళ్లు ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు తీసేశాయి. గీతను గుత్తేదార్లకు అప్పగించాయి. పక్కన రంపలో మన్సబుదారు కల్లు మీద 'చిగురు పన్ను' గుంజాడు. 1879 మార్చిలో రంప కొండలు తిరగబడ్డాయి. ఆ మంట భద్రాచలం, రేకపల్లి అడవుల దాకా వచ్చింది. అక్కడ కోయలు చైత్రంలో తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరి, దించిన సారాలో మొదటి చుక్క వేల్పులకు, పెద్దలకు పోస్తారు. అటువంటి చేతిలోంచి గిన్నె లాక్కొని, పన్ను కట్టి కొనుక్కోమన్నది ప్రభుత్వం. ఇక్కడ కేప్‌లో గిన్నె బలవంతంగా చేతిలో పెట్టారు. రెండు చోట్లా నిర్ణయించింది తాగేవాడు కాదు. కుసుమంచిలో నిజాం ఆబ్కారీ కాలం నుంచి మా తాతలు చెట్టు మీద కట్టిన పన్ను లెక్క నాయనకు తెలుసు. తాగడం మీద ఆయనకు ఉన్న కోపం ఎప్పుడూ చెట్టు మీద కాదు, సారా పాకెట్ మీద.

పాకెట్ అన్న మాటకు ఇక్కడా ఒక జోడు ఉంది. చౌక వైన్‌ను వెండిరంగు సంచుల్లో అమ్మేవారు. పాప్‌సాక్ అనేవారు. కూలీల వాడల్లో ఇళ్లు గుల్ల చేసిన ఆ సంచిని 2007లో నిషేధించారు. మన దగ్గర ప్రభుత్వ సారా పాకెట్లు పల్లెపల్లెకూ చేరినప్పుడు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమంతోనే 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధం రెండేళ్లకే ఎత్తేశారు. ఇది వైన్ పోసిన ఆవిడకు చెప్పాను. "మా అమ్మలకు అట్లాంటి రోజు రాలేదు" అంది.

మిగతా కాలం తొందరగా చెప్తాను. 1886లో ఫిలోక్సెరా పురుగు కేప్ తోటల్లో కనిపించింది, వేళ్లు తిని పాడుచేసింది. ఆ దెబ్బకు చవకైన పొలాలను 1897 నుంచి సెసిల్ రోడ్స్ కొని పండ్లతోటలు వేయించాడు. 1918లో పెంపకందారులు కేడబ్ల్యూవీ సంఘం పెట్టుకొని ధరను, ఉత్పత్తిని తమ చేతిలోకి తెచ్చుకున్నారు. 1971లో స్టెల్లెన్‌బాష్‌లో ముగ్గురు తోటదారులు దేశంలోనే మొదటి వైన్ రూట్ మొదలెట్టారు. మనం ఇప్పుడు పోయే ఈ విహారం అప్పటిదే. ఆ రోజుల్లోనే అదే ఊళ్లో డి ఫ్లాక్టె అనే పేట నుంచి 'కలర్డ్' అని ముద్రవేసిన కుటుంబాలను, వర్ణాల వారీ ప్రాంతాల చట్టం కింద ఇళ్లలోంచి తీసి ఊరి బయట పడేశారు. తెల్ల యాత్రికుడి కోసం తోట గేటు తెరుచుకుంటున్న సమయంలోనే తోట మనుషుల ఇళ్లు మూసుకున్నాయి.

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా నడిచి బయటికి వచ్చిన జైలు కూడా ఈ ద్రాక్షతోటల మధ్యే ఉంది. అప్పటి పేరు విక్టర్ వెర్స్టర్. జైలు గేటు ముందు ఆయన పిడికిలి ఎత్తిన విగ్రహం పెట్టారు. మంచి కాలం వచ్చింది. వర్ణవివక్ష పాలన మీద బయటి దేశాలు పెట్టిన ఆంక్షలు తొలగాయి. 1994లో సుమారు 5 కోట్ల లీటర్లు ఉన్న వైన్ ఎగుమతి ఇరవై ఏళ్లలో 40 కోట్లు దాటింది. కూలి మాత్రం అంత వేగంగా నడవలేదు. 2012 నవంబరులో హెక్స్ నది లోయలోని డి డూర్న్స్‌లో తినే ద్రాక్ష కోసే కూలీలు రోడ్డెక్కారు. అప్పటి కనీస కూలి రోజుకు 69 రాండ్లు, అడిగింది 150. తర్వాతి మార్చిలో 105 అయింది. మన సూపర్ బజార్లలో ఎప్పుడైనా కేప్ ద్రాక్ష కనిపిస్తే ఆ 69 అంకె గుర్తుకు తెచ్చుకోండి.

అంతమాత్రాన ఇక్కడికి రావద్దని నేను అనను. రండి. కోత రోజుల్లో రండి. షెనిన్ తాగండి, పొట్యికోస్ తినండి. కూలీలకు వాటా ఇచ్చిన తోటలు, కూలీలే యజమానులైన సీసాలు ఇప్పుడు ఉన్నాయి. అడిగి వాటినే కొనండి. కేప్‌టౌన్‌లో కంపెనీ బానిసల కోసం 1679లో కట్టిన స్లేవ్ లాడ్జ్ ఇప్పుడు మ్యూజియం. దాని వెనక చర్చ్ స్క్వేర్‌లో 2008లో పదకొండు నల్లరాతి దిమ్మెలు పెట్టారు. వాటి మీద బానిసల పేర్లు చెక్కారు. గ్రానైట్ క్వారీల జిల్లా నుంచి వచ్చిన నాయన వాటిని చేత్తో నిమిరి, "నున్నగ పట్టిచ్చిన్రు" అన్నాడు. ఒక్కొక్క పేరూ నాతో చదివించుకున్నాడు. గంటకు పైగా పట్టింది.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ ఆ తోటకే తీసుకుపోమన్నాడు. వైన్ కోసం కాదు. ఆవిడతో ఒక మాట మిగిలిందట. మధ్యాహ్నం, కోత దిగిన మనుషులు ఓక్ చెట్టు నీడలో అన్నం డబ్బాలు విప్పుతున్నారు. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి, "రండి అంకుల్" అని బయటికి వచ్చింది.

"మీ ఇంటిపేరు నెల మాకు మంచి నెల అని చెప్పు బిడ్డా" అన్నాడు నాయన. "తాళ్లకు కొత్త కత్తి పెట్టేది అప్పుడే."

చెప్పాను. తాడంటే ఏమిటో, కత్తి ఎందుకో కూడా చెప్పాల్సి వచ్చింది. ఎనభై అడుగుల చెట్టును నడుముకు మోకు కట్టుకొని ఎక్కడం గురించి విని, అన్నం తింటున్నవాళ్లలో ఇద్దరు లేచి దగ్గరికి వచ్చారు. నాయన తన అరచేతులు చాచి చూపించాడు. కోతపని మనిషి ఒకడు తన చేతులు వాటి పక్కన పెట్టాడు.

ఆవిడ అప్పుడు మా ఇంటిపేరు అడిగింది. నాయన నిదానంగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. ఆవిడ రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నది.